అనంతగిరి ఘాట్‌లోనూ వాహనాలకు పరిమితి పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

మాది శృంగవరపుకోట. ఉద్యోగం బెంగళూరులో. మొన్న మే నెలలో ఒక శని, ఆదివారాలు కుటుంబంతో కారులో ఊటీ వెళ్లివచ్చాను. అనంతగిరి కొండల కింద పుట్టినవాడిని కాబట్టి, అక్కడ ఏది చూసినా మా అరకు దారే గుర్తుకొచ్చింది.

శుక్రవారం రాత్రి గుండ్లుపేటలో ఆగాం. బండీపూర్ అడవిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు నిషేధం. అడవి జంతువుల కోసం 2009లో తెచ్చిన కట్టుబాటు అది. తెల్లవారి అడవి దాటి, తమిళనాడు చెక్‌పోస్టు దగ్గర వరుసలో నిలబడ్డాం. అక్కడి ఉద్యోగిని మా ఈ-పాస్ చూసి, ప్లాస్టిక్ ఏమైనా ఉందేమోనని వెనక తలుపు తీయమంది. సీటు కింద మా అమ్మాయి పెట్టుకున్న రెండు చిన్న ప్లాస్టిక్ నీళ్లసీసాలు కూడా బయటికి వచ్చాయి. పిల్ల ముఖం చిన్నబోతే, ఆవిడ తన స్టీలు సీసా చూపించి తమిళంలో ఏదో చెప్పి నవ్వింది. అమ్మాయి తిరుగు ప్రయాణంలో ఒక స్టీలు సీసా కొనిపించుకుంది.

మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్‌లకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవిలో ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకు రోజుకు, మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలని కోర్టు పరిమితి పెట్టింది. స్థానికుల బళ్లకు, ప్రభుత్వ బస్సులకు మినహాయింపు ఉంది. అయినా ఊటీలో రద్దీ తక్కువేమీ లేదు. 1820లలో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ తోడా గిరిజనుల గడ్డి మైదానాల మధ్య రాతి ఇల్లు కట్టుకుని, వాగులకు కట్ట వేయించి చెరువు చేయించాడు. ఆ చెరువులోకి ఊరి మురుగు చేరి ఏళ్లు గడిచాయి. అంతా పాడయ్యాక మొదలుపెట్టిన మరమ్మతు అక్కడిది.

మన అరకు ఇంకా అంతవరకు రాలేదు. కానీ చలికాలం వారాంతాల్లో అనంతగిరి మలుపులు, వంజంగి దారి చూసినవారికి భయం వేయక మానదు. గత సంక్రాంతి సెలవుల్లో మేము ఘాట్‌లో రెండు గంటలు కదలలేకపోయాం. మా వెనక పది కార్ల అవతల ఒక 108 అంబులెన్సు ఆగిపోయింది. ఇటు కొండ, అటు లోయ. పక్కకు తప్పుకోవడానికి ఎవరికీ చోటు లేదు. డ్రైవరు దిగివచ్చి ఒక్కో కారు అద్దం తట్టి బతిమాలడం చూశాను. నిండు గర్భిణులను ఇప్పటికీ డోలీలో మోసుకొచ్చే గూడేలున్న ప్రాంతం అది. రోడ్డు దాకా మోసుకొచ్చాక, ఆ రోడ్డే మూసుకుపోతే వాళ్లు ఏమైపోవాలి?

పరిమితి పెడితే గిరిజనుల వ్యాపారం దెబ్బతింటుందని కొందరి వాదన. ఘాట్‌లో ఇరుక్కున్న కారులో కూర్చున్నవాడు బొంగు చికెన్ కొనడు, కాఫీ తాగడు. చీకటి పడుతుందని విసుగుతో వెనక్కి తిరుగుతాడు. బస్సులు పెంచితే మనుషులు తగ్గరు, కార్లే తగ్గుతాయి.

అల్లూరి సీతారామరాజు జిల్లా యంత్రాంగం డిసెంబరు, జనవరి వారాంతాలకైనా ముందస్తు పాస్ పెట్టాలి. ఘాట్ మొదట్లోనే ప్లాస్టిక్ తనిఖీ ఉండాలి. తాగునీటి కేంద్రాలు ముందే ఏర్పాటు చేయాలి. స్థానికుల వాహనాలను, అంబులెన్సులను ఎక్కడా ఆపకూడదు. ఇదంతా వచ్చే చలికాలం రద్దీ మొదలయ్యేలోపే జరగాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, శృంగవరపుకోట