విటమిన్ డబ్బా

అమ్ములూ,

ఫోనులో చెబితే మధ్యలో ఏడుపొచ్చేస్తుందని ఉత్తరం రాస్తున్నాను. కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం.

నిన్న మన దొడ్లో కొబ్బరి దింపు. మధ్యాహ్నం ఒలుపు దగ్గర కాయలు అందిస్తున్న కుర్రాడు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి విరుచుకు పడిపోయాడు. పదిహేడేళ్లు ఉంటాయేమో. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. వాడి తలకీ కాయలు ఒలిచే గునపానికీ మధ్య జానెడే దూరం. మేస్త్రి, ఇనుము పట్టుకుంటే తగ్గుతుందని కొడవలి తెచ్చి వాడి గుప్పిట్లో పెట్టబోయాడు! ఇంకొకతను పళ్ల మధ్య చెంచా పెడతానంటాడు. మామ్మ ఉల్లిపాయ కోసం వంటింట్లోకి వెళ్లింది.

కొడవలి లాక్కుని అవతల పారేశాను. గునపం పీకించేసి, వాడి తల కింద తువ్వాలు మడిచి పెట్టి, నురగ బయటికి పోయేలా ఒక పక్కకి తిప్పాను. నోట్లో ఏదీ పెట్టనివ్వలేదు, కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోనివ్వలేదు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోను చెయ్యమని మీ నాన్నకి చెప్పి, టైము చూస్తూ పక్కనే కూర్చున్నాను. రెండు నిమిషాలకి ఆగింది. లాగు తడిసిపోయింది పాపం. లేచి చూసుకుని సిగ్గుపడతాడని నడుం మీద ఇంకో తువ్వాలు కప్పాను.

"ఇవన్నీ మీకెలా తెలుసమ్మగారూ?" అన్నాడు మేస్త్రి.

"మా అమ్మాయికీ ఉంది" అనేశాను.

పన్నెండేళ్లలో ఆ మాట బయటివాళ్లతో అనడం అదే మొదటిసారి. మామ్మ ఉల్లిపాయ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. అది నీ విషయం, నిన్ను అడక్కుండా చెప్పకూడదు. అందుకు నీకు కోపం వస్తే తిట్టు, పడతాను.

కానీ ఇన్నేళ్లూ దాచింది కూడా నిన్ను అడిగి కాదుగా. నువ్వు ఎనిమిదో తరగతిలో ఉండగా స్కూల్లో ప్రార్థన దగ్గర పడిపోయావు. మిగతా పిల్లలు భయపడుతున్నారని, కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచమన్నారు. ఎందుకని నేను ఎదురడగలేదు. గాలి సోకిందంటే తాయెత్తు కట్టించి ఏడాది పాడుచేశాను. చివరికి కాకినాడ తీసుకెళితే, ఈఈజీ అని మెదడు పరీక్ష తీసి, ఇది మెదడులో కరెంటు ఒక్కసారిగా అదుపు తప్పడం వల్ల వచ్చేది, అంటుకోదు, ఎవరి పాపమూ కాదు అని డాక్టరుగారు చెప్పారు. సరైన మందు పడితే నూటికి డెబ్బై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చన్నారు. ప్రపంచంలో ఐదు కోట్లమందికి ఉందట. అంత మంది ఉంటే నాకు ఒక్కరూ కనబడలేదెందుకని అప్పట్లో అనుకునేదాన్ని. అందరూ నాలాగే దాస్తుంటే ఎలా కనబడతారు?

నీ మాత్రలు విటమిన్ డబ్బాలో పోసి ఇచ్చేదాన్ని గుర్తుందా? ఊళ్లో కొంటే తెలుస్తుందని అమలాపురం వెళ్లి తెచ్చేదాన్ని. ఇంటర్ హాస్టల్లో, గదిలో పిల్లలు చూస్తారని నువ్వు నాలుగు రోజులు మాత్రలు వేసుకోలేదు. బాత్‌రూమ్‌లో పడ్డావు. నీ కనుబొమ్మ మీద ఆ మూడు కుట్లు ఫిట్స్ వల్ల పడ్డాయని అందరికీ చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. ఆ డబ్బా వల్ల పడ్డాయమ్మా. సిగ్గుపడాలని నీకు నేర్పింది నేను.

మండపేట సంబంధం సంగతి. పెళ్లయ్యాక నెమ్మదిగా చెప్పొచ్చులే అని మీ పెద్దత్తయ్య అంటే నేనూ తలూపాను. ఇక ఊపను. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డుగా మూర్ఛ పేరు ఉండేదట, 1999లో తీసేశారట. చట్టం నిన్ను వదిలేసి ఇన్నేళ్లయింది, నేనే వదల్లేదు. ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో నీ ఇష్టం. విని వెళ్లిపోయేవాళ్లు వెళ్లిపోనీ. ఒక్కటి మాత్రం మరిచిపోకు, పిల్లల్ని కనాలనుకున్నప్పుడు ముందే డాక్టరుతో మాట్లాడాలి. కొన్ని మందులు కడుపులో బిడ్డకి మంచివి కావు, అలాగని సొంతంగా మానెయ్యనూ కూడదు.

సాయంత్రం ఆ కుర్రాడి తల్లి వచ్చింది. వాడి మెడలో తాయెత్తు ఉంది. నేనూ కట్టించినదాన్నే, ఆవిణ్ణి ఏమంటాను? నాలుగు నెలలు ఫిట్స్ రాకపోయేసరికి తగ్గిపోయిందని మందు ఆపేశారట. వచ్చే నెల నుంచి తండ్రి వాణ్ణి చెట్లెక్కే పనిలో పెడదామనుకుంటున్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. ఫిట్స్ అదుపులోకి వచ్చి, డాక్టరు సరేననేదాకా చెట్టెక్కొద్దు, కాలవలో ఒంటరిగా దిగొద్దు, మిగతా పనులు చేసుకోనీ అన్నాను. సోమవారం వాళ్లని కాకినాడ తీసుకెళుతున్నాను.

అన్నీ విని ఆవిడ అడిగింది ఒక్కటే: "మీ అమ్మాయి హైదరాబాదులో ఒక్కతే ఉండి ఉద్యోగం చేస్తోందాండీ?" రెండుసార్లు అడిగింది. చేస్తోందని రెండుసార్లూ చెప్పాను.

వాడు నీతో ఒకసారి ఫోనులో మాట్లాడతాడట. నీ నంబరు నేనివ్వలేదు. ఇవ్వమంటావా?

మాత్ర వేసుకుని పడుకో, రాత్రిళ్లు మేలుకోకు.

అమ్మ