ఔలీ వెళ్ళేముందు ఇది చదువుకో

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు "ఉత్తరాఖండ్ ఔలీలో రెండు రోజులు స్కీయింగ్, మూడో రోజు పైన గోర్సన్ బుగ్యాల్ పచ్చిక దాకా నడక, మూడు కిలోమీటర్లే కదా నాన్నా, సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు తిరిగినదాన్ని" అంటే సరేలే అనేశాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. వద్దని చెప్పడానికి రాయడం లేదు, వెళ్ళు, తప్పకుండా వెళ్ళు. కానీ ఆ కొండ మీద నేను ఒకసారి గడ్డిలోనూ ఒకసారి మంచులోనూ నడిచాను. మంచు పడ్డాక అది వేరే కొండ. ఆ సంగతి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను.

మొదటిసారి 2017 అక్టోబరులో. అమ్మా నేనూ బదరీనాథ్ నుంచి దిగివస్తూ జోషీమఠ్‌లో ఆగాం. ఇప్పుడు జ్యోతిర్మఠ్ అని పేరు మార్చారు. అక్కడ నరసింహస్వామి గుడి చూసి అమ్మ "మన అప్పన్న ఇక్కడ కూడా ఉన్నాడే" అని మెట్ల మీదే కూర్చుండిపోయింది. చలికాలం బదరీనాథ్ గుడి మూసేశాక పూజలు ఈ గుడిలోనే జరుగుతాయి, కాబట్టి ఫిబ్రవరిలో వెళ్తున్న నువ్వు ఆ దణ్ణమేదో ఇక్కడే పెట్టుకో.

మర్నాడు రోప్‌వే ఎక్కి ఔలీ వెళ్ళాం. పది టవర్ల మీదుగా దాదాపు నాలుగు కిలోమీటర్ల తీగ. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో స్కీయింగ్ పోటీలు జరిగిన వాలు ఇదే అన్నారు, చూస్తే అంతా ఎండుగడ్డి. కదలకుండా వేలాడుతున్న చెయిర్‌లిఫ్ట్ కుర్చీల కింద ఆవులు మేస్తున్నాయి. ఆ వాలు పక్కనుంచి పైకి ఎక్కి పదో టవర్ దాటితే అడవి, ఓక్ చెట్లూ దేవదారులూ. ఓక్ ఆకు అంచులకు చిన్న చిన్న ముళ్ళుంటాయి, అమ్మ ఒకటి తెంపి పర్సులో పెట్టుకుంది, ఇప్పటికీ ఉంది, అడిగితే చూపిస్తుంది. అడవి అయిపోగానే ఒక్కసారిగా కళ్ళముందు బుగ్యాల్. అంటే కొండల మీది పచ్చిక బయలు. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. ఇంకోపక్క ద్రోణగిరి, హనుమంతుడు సంజీవని కోసం పెకలించాడని చెప్పుకునే కొండ. మా కొండ ఎత్తుకుపోయాడన్న కోపంతో ద్రోణగిరి ఊరివాళ్ళు ఇప్పటికీ హనుమంతుణ్ణి పూజించరట. గంటసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

రెండోసారి 2020 ఫిబ్రవరిలో, ఆఫీసు స్నేహితుడితో. దారి నాకు తెలుసు కదా అని గైడ్‌ని పెట్టుకోలేదు. అదే నేను చేసిన తప్పు. స్కీయింగ్ వాలు మధ్యలోంచి ఎక్కడం మొదలుపెట్టాం. స్కీయింగ్ నేర్పే ఒకాయన పైనుంచి కేక వేసి ఆపాడు. మన అడుగులు దిగిన గుంతలు రాత్రికి గట్టిగా గడ్డకడతాయట, పొద్దున్నే వేగంగా దిగేవాళ్ళ స్కీ అందులో ఇరుక్కుంటే కాలు విరుగుతుందట. అది నాకు అంతవరకు తట్టనే లేదు. నువ్వు స్కీ చేసినా నడిచినా ఈ మాట గుర్తుపెట్టుకో, వాలు మీద నడవకు, అంచునే వెళ్ళు.

అంచుకి జరిగాం. అడవి మొదట్లో నా ఎడమకాలు తొడ దాకా దిగిపోయింది. రెండు బండరాళ్ళ మధ్య సందు, పైన మంచు సమంగా పరుచుకుని ఉంటే ఏం తెలుస్తుంది? కాలైతే వచ్చింది, బూటు రాలేదు. చేతులతో తవ్వి తీసేసరికి మేజోడు తడిసిపోయింది, పది నిమిషాల్లో వేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. అటుగా వస్తున్న స్థానిక కుర్రాడు తన దగ్గరున్న పొడి మేజోడు తొడిగి కిందకి తీసుకొచ్చాడు. అతను ప్రతి అడుగుకీ ముందు కర్ర గుచ్చి చూసేవాడు. ఆ రోజు గోర్సన్ చేరనే లేదు.

అందుకే అడుగుతున్నాను, స్థానిక గైడ్ లేకుండా అడవిలోకి వెళ్ళకు. రాత్రి మంచు పడితే ముందు రోజు అడుగులు కూడా కనపడవు. జోషీమఠ్ దాదాపు 1,900 మీటర్ల ఎత్తు, ఔలీ పైభాగం 3,000, కాబట్టి ఒక రాత్రి కింద జోషీమఠ్‌లో పడుకుని ఎక్కు, తలనొప్పి వచ్చి తగ్గకపోతే దిగిపో, ఫ్రెండ్స్ ఏమనుకుంటారో అని టెన్షన్ పడకు. పొద్దున్నే బయల్దేరు. పన్నెండయ్యేసరికి ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి తిరుగు, బుగ్యాల్ వంద అడుగుల దూరంలో ఉన్నా సరే. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు.

రోప్‌వేని 2023 జనవరిలో ఆపేశారు, రోడ్డు మీదే వెళ్ళాలి అనుకుని బయల్దేరు. ఆ నెలలోనే జోషీమఠ్‌లో 800కు పైగా ఇళ్ళు బీటలు వారాయి. ఆ ఊరు పాత కొండచరియల మట్టి మీద ఉందని, బండలు కదపొద్దని, పెద్ద కట్టడాలు వద్దని 1976లోనే ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ చెప్పింది. టీవీలో ఆ గోడలు చూసినప్పుడు మేజోడు ఇచ్చిన కుర్రాడి ఇల్లు ఎలా ఉందోనని చాలా బాధపడ్డాను, పేరు కూడా అడగలేదు. పైన బుగ్యాల్లో గడ్డి వేళ్ళే అక్కడి మట్టిని పట్టి ఉంచుతాయి. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్ళలో రాత్రి గుడారాలు వెయ్యొద్దంది. ఎవరైనా అక్కడ టెంట్ వేసి ఇస్తామంటే ఒప్పుకోకు. మంచు పల్చబడి గడ్డి తేలినచోట తొక్కకుండా, బాటలోనే నడువు. చాక్లెట్ కాగితం కూడా జేబులోనే పెట్టుకో.

అమ్మ ఉన్ని మేజోళ్ళు మూడు జతలు ఈరోజు కొరియర్ చేసింది. ఒక జత కవర్లో చుట్టి బ్యాగులో పొడిగా ఉంచు, నీకు అవసరం లేకపోయినా దారిలో ఎవరికైనా కావాలేమో. దిగాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా పర్లేదు.

నాన్న