పాత టీవీ కార్యక్రమాల పట్టికలను మళ్లీ అచ్చు వేయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

గత ఆదివారం అనుబంధంలో పాత దూరదర్శన్ జ్ఞాపకాల మీద మీరు ప్రచురించిన వ్యాసాన్ని మా ఇంట్లో అందరం వంతులవారీగా చదువుకున్నాము. వ్యాసం చక్కగా ఉంది. అయితే, మనమింకా టీవీ ముఖం చూడని 1960లలోనే బ్రిటన్‌లో పొద్దున లేచింది మొదలు అర్ధరాత్రి దాకా కార్యక్రమాలు వచ్చేవన్న వాక్యం మాత్రం వాస్తవానికి దూరంగా ఉంది. దానిని సరిచేస్తూనే మీకు ఒక విన్నపం కూడా చేసుకుందామని ఈ లేఖ రాస్తున్నాను.

బీబీసీ 1936 నవంబరు 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి టీవీ ప్రసారాలను ప్రారంభించింది. యుద్ధం ముంచుకురావడంతో 1939 సెప్టెంబరు 1న ఆగిపోయిన ప్రసారాలు మళ్లీ 1946 జూన్ 7న గాని మొదలుకాలేదు. ఆ తరువాత కూడా ఎన్ని గంటలు ప్రసారం చేయాలన్నది బీబీసీ ఇష్టానికి వదలలేదు. ఆ లెక్క ప్రభుత్వం చేతిలో, అందులోనూ తపాలా శాఖ మంత్రి చేతిలో ఉండేది. చిన్నపిల్లలను నిద్రపుచ్చడానికి వీలుగా సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా తెర ఖాళీగా ఉంచే పద్ధతి 1957 ఫిబ్రవరి వరకు సాగింది. (మా ఇంట్లో ఆ గంటలోనే సీరియళ్లు మొదలవుతాయి, పిల్లలు మేలుకునే ఉంటారు, అది వేరే సంగతి.) రాత్రి కార్యక్రమాలు ముగిశాక జాతీయ గీతం వినిపించి, టీవీ కట్టేయడం మరచిపోవద్దని చెప్పి సెలవు తీసుకునేవారు. గంటల మీద ఆంక్షలు 1972లో తొలగిపోయాయి. పొద్దున్నే టిఫిను వేళకు వార్తలూ కబుర్లూ చెప్పే కార్యక్రమాన్ని బీబీసీ మొదలుపెట్టింది 1983 జనవరిలో.

ఇవన్నీ నాకు పుట్టుకతో తెలిసినవి కావు. బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు తన ఫోనులో ఒక పాత పట్టికను చూపించాడు. బీబీసీ వారు తమ కార్యక్రమాల వివరాలను 'రేడియో టైమ్స్' అనే వారపత్రికలో 1923 నుంచి అచ్చు వేస్తూ వచ్చారు. అప్పటి నుంచి 2009 దాకా వచ్చిన పట్టికలన్నింటినీ 2014లో ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకునేలా పెట్టారు. నేను చూసినది 1963 నవంబరు 23, శనివారం నాటి పట్టిక. అప్పటికి బీబీసీకి ఉన్నది ఒకే ఒక ఛానెల్, అదీ నలుపు తెలుపుల్లో. పోటీగా ఐటీవీ అనే ప్రైవేటు ఛానెల్ ఉన్నా దాని కార్యక్రమాల కోసం వేరే పత్రిక కొనుక్కోవలసిందే. మధ్యాహ్నమంతా 'గ్రాండ్‌స్టాండ్' అనే ఆటల కార్యక్రమం ఉంది. ఐదుంబావుకు 'డాక్టర్ హూ' అనే కొత్త ధారావాహిక మొదలవుతుందని ఉంది. నేటికీ లోకమంతా చూస్తున్న ఆ ధారావాహిక తొలి భాగానికి దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్ అని, అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదని తెలిసి ముచ్చటపడ్డాను.

అయితే నన్ను ఆలోచనలో పడేసింది ఆ పట్టికలో లేని సంగతి. ముందురోజు శుక్రవారం, బ్రిటన్‌లో సాయంత్రం ఆరున్నర అవుతున్న వేళకు, అమెరికాలోని డాలస్‌లో ఆ దేశాధ్యక్షుడు కెన్నెడీని కాల్చి చంపారు. వారం ముందే అచ్చయి ఇంటింటికీ చేరిన పట్టికకు ఆ సంగతి తెలియదు. శనివారం రాత్రి దేశ రాజకీయాలను ఎగతాళి చేసే వ్యంగ్య కార్యక్రమం వస్తుందని అది యథాప్రకారం చెబుతోంది. ఆ రాత్రి నిజంగా ప్రసారమైనది ఒక్క నవ్వూ లేని శ్రద్ధాంజలి. ఆ విషాదంలో 'డాక్టర్ హూ' తొలి భాగాన్ని చాలామంది పట్టించుకోలేదేమోనని మరుసటి వారం రెండో భాగానికి ముందు దానినే మళ్లీ వేశారు. అచ్చయిన పట్టికను, నిజంగా జరిగినదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ రోజు మనకు పూర్తిగా అర్థం కాదు.

వారు అన్నిటినీ దాచుకున్నారని పొగడడం నా ఉద్దేశం కాదు. వీడియో టేపు ఖరీదైనదని, ఒకసారి ప్రసారమైన కార్యక్రమంతో ఇక పనిలేదని అనుకుని వేలాది టేపులను చెరిపేసి మళ్లీ వాడుకున్నారు. అలా పోయిన 'డాక్టర్ హూ' భాగాల్లో తొమ్మిదింటి ప్రతులు 2013లో ఎక్కడో నైజీరియాలో దొరికాయి. 1820లో మా కడపకు వచ్చిన బ్రౌన్ దొర ఇక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి మన తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. ఆయన దేశస్థులే తమ టేపుల విషయంలో ఇంత నిర్లక్ష్యం చేశారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అయినా వారికి కనీసం పట్టిక మిగిలింది. పోయినదేదో పేరు పెట్టి వెతుక్కునే వీలు దానివల్లనే కలిగింది.

మన సంగతి చూడండి. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. శాంతి స్వరూప్ గారు తొలిసారి తెలుగు వార్తలు చదివినది 1983 నవంబరు 14న. ఆ సాయంత్రం వార్తలకు ముందు ఏమి వచ్చింది, తరువాత ఏమి వచ్చింది అని మా మనవరాలు అడిగితే నా దగ్గర సమాధానం లేదు. 1984 అక్టోబరు 31న నేను హైదరాబాదులో చదువుకుంటున్నాను. పొద్దున పేపరులో ఆ సాయంత్రం కార్యక్రమాలు మామూలుగానే అచ్చయి ఉంటాయి. రాత్రి మేము హాస్టలు హాలులో నిలబడి చూసినది ఇందిరా గాంధీ మరణవార్త. ఆ ఉదయం అచ్చయిన పట్టికను ఇప్పుడు చూడాలని ఉంది.

అందుచేత నా విన్నపం ఇది. అప్పట్లో మీ పత్రికలో రోజూ 'నేటి టీవీ కార్యక్రమాలు' అని ఒక మూలన అచ్చయ్యేది. మీ పాత సంపుటాల్లోంచి వారానికి ఒక రోజు పట్టికను ఏరి, ఒక్క అక్షరం మార్చకుండా ఆదివారం అనుబంధంలో వేయండి. ఆ రోజు నిజంగా ఏమి వచ్చిందో పాఠకులను రాయమనండి. కరెంటు పోయిందా, 'అంతరాయానికి చింతిస్తున్నాము' అన్న అట్ట ఎంతసేపు నిలిచింది, గాలికి యాంటెన్నా తిరిగిపోతే మిద్దె మీదికి ఎవరు ఎక్కారు, ఇవన్నీ చెప్పగలిగినవారు ప్రతి ఊరిలో ఇంకా ఉన్నారు. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పనీ కాదు, పత్రికలో జానెడు చోటు చాలు.

నా వంతుగా ఒక ముక్క పంపుతున్నాను. మా అమ్మగారి ట్రంకుపెట్టె అడుగున పరిచిన మీ పేపరు ఒకటి ఈ మధ్య బయటపడింది. తేదీ ఉన్న పైభాగాన్ని చెదలు తినేశాయి గాని, పెట్టెలో అదే సంవత్సరపు బట్టల కొట్టు రసీదు ఉండడం వల్ల అది 1986 నాటిదని అనుకుంటున్నాను. పట్టికలో 'పాడిపంటలు', ఏడు గంటలకు వార్తలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఏడున్నర దగ్గర నూనె మరక పడి ఒకటే అక్షరం మిగిలింది, అది 'చి' అని మా ఇంట్లో వారు, 'వి' అని నేను వాదించుకుంటున్నాము. జెరాక్సు దీనితో జతపరిచాను. మీ సంపుటం తీయించి ఏ అక్షరమో తేల్చి చెప్పగలరని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఎర్రముక్కపల్లె, కడప.