ఛానల్ ఎందుకు ఆగిందో మాకు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మా మామగారికి ఎనభై దాటాయి. చూపు ఆనక పేపర్ చదవలేరు, స్మార్ట్‌ఫోన్ అలవాటు లేదు. రాత్రి తొమ్మిదింటి వార్తలు వింటేగానీ ఆయనకు నిద్ర పట్టదు. 2024 ఎన్నికల ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే ఆయన చూసే ఛానల్ రావడం మానేసింది. రిమోట్‌లో బ్యాటరీలు అయిపోయాయనుకుని తీసి, అరచేతిలో రుద్ది మళ్ళీ వేశారు. నంబర్ నొక్కితే నల్లటి తెర, మూలన ఆ అంకెలు. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే "మా చేతుల్లో ఏం లేదు మేడమ్, పైనుంచే రావట్లేదు" అన్నాడు. ఆ పైనున్నది ఎవరో అతనికీ తెలియదు.

ఇది ఒక్క పార్టీ చేసిన పని అనడం లేదు. 2014లో తెలంగాణ వచ్చిన రెండు వారాలకే అక్కడ కేబుల్‌లో టీవీ9, ఏబీఎన్ ఆగిపోయాయి. 2019లో ఆంధ్రలో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 చాలా ఇళ్ళకు రాలేదు. 2024లో టీవీ9, సాక్షి, ఎన్టీవీల వంతు. టీవీ9 ప్రసారాలు పునరుద్ధరించమని ఢిల్లీ హైకోర్టే చెప్పాల్సి వచ్చింది. అడిగితే పాలకులు మాకు సంబంధం లేదంటారు, కేబుల్ వాళ్ళకు ఛానళ్ళు అందించే పెద్ద పంపిణీ సంస్థలైన ఎంఎస్‌ఓలు అది మా నిర్ణయం అంటారు.

ఏ ఛానల్ ఎవరి కొమ్ము కాస్తుందో మాకు తెలియక కాదు. మామగారు రెండు వైపులా వినేవారు, రెండింటినీ తిట్టుకునేవారు, రెండూ ఒప్పుకున్న విషయాన్నే నమ్మేవారు. ఇప్పుడు ఒక గొంతే వినిపిస్తుంటే దేనితో పోల్చి చూసుకోవాలి? ప్రభుత్వాసుపత్రిలో మందుల్లేవని, ఫలానా పనిలో డబ్బు చేతులు మారిందని చూపించేది సాధారణంగా ఆ రెండో ఛానలే. అంతకంటే భయం, మిగిలిన ఛానళ్ళ గురించి. పక్కవాడికి పట్టిన గతి చూశాక గట్టిగా అడిగే ధైర్యం ఎందరికి ఉంటుంది?

టెలికాం, కేబుల్ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నిబంధనల ప్రకారం ప్రసారం ఆపాలంటే ఛానల్‌కి మూడు వారాల ముందే కారణంతో నోటీసు ఇవ్వాలి, చూసేవాళ్ళకూ ముందుగా తెర మీద తెలియజేయాలి. మా ఇంట్లో అలాంటి స్క్రోల్ ఒక్క రోజూ రాలేదు. కేబుల్ చట్టం కింద జిల్లాలో కలెక్టర్ అధీకృత అధికారి. ఛానల్ ఆగిన వెంటనే ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో ఎంఎస్‌ఓల నుంచి రాతపూర్వకంగా తీసుకుని ప్రజలకు ప్రకటించాలని కోరుతున్నాను. నెలనెలా డబ్బు కడుతున్నది మేము.

— ఒక పాఠకురాలు, తెనాలి