తెల్ల పూసలు కొన్నాళ్ళు ఉండవండి

మాఘమాసం పెళ్ళిళ్ళకి నేను తెల్ల పాలిమర్ క్లేతో (ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద) పూసలు చేసి గుచ్చే మల్లెమొగ్గల సెట్లు ఆర్డరిచ్చిన వాళ్ళందరికీ చెప్తున్నాను. ఆ సెట్లు పంపడం లేదు. డబ్బులు తిరిగి వేసేశాను, ఇంకా పడకపోతే ఒక మెసేజ్ పెట్టండి. మిగతా రంగులు మామూలే.

తెల్ల క్లే పంపే వ్యాపారి ఈసారి కంపెనీ ప్యాకెట్లు కాకుండా, పేరూ బ్యాచ్ నంబరూ లేని కవర్లలో ముద్దలు పంపాడు. "అదే సరుకండి, ప్యాకింగే మారింది" అన్నాడు. కాల్చి తీస్తే పూసలన్నీ బిస్కెట్ రంగు. ఫోన్ చేస్తే, "ఓవెన్ ఎక్కువ వేడెక్కి ఉంటుంది మేడమ్, కొత్తవాళ్ళకి ఇలాగే అవుతుంది" అని నాకే పాఠం. కొత్తవాళ్ళకట! నరసాపురంలో లేసు అల్లే ఇంట్లో పుట్టి, ఆ లేసునే క్లే మీద అద్ది లాకెట్లు చేసి అమ్ముతున్నదాన్ని.

నా ఓవెన్ సంగతి వినండి. దాని డయల్‌ని నేనెప్పుడూ నమ్మను, లోపల విడిగా థర్మామీటరు పెడతాను. ఈ క్లే అంటే పీవీసీ అనే ప్లాస్టిక్కే కదా. 130 డిగ్రీలు, 6 మిల్లీమీటర్ల మందానికి అరగంట అని నేను వాడే ప్యాకెట్ మీదే ఉంటుంది. చిన్న కరెంటు ఓవెన్లలో (ఓటీజీల్లో) వేడెక్కే రాడ్లు మరీ దగ్గర, అవి ఎర్రబడినప్పుడల్లా తెలుపు పసుపెక్కుతుంది. అందుకే థర్మామీటరు ముల్లు నిలకడగా ఆగాకే పూసలు లోపలికి వెళ్తాయి. కింద టైలు, దాని మీద వంటసోడా పోసిన పళ్ళెం, పైన ఫాయిల్ మూత. సాయంత్రాలు వోల్టేజి ఆడుతుంది కాబట్టి పొద్దున్నే కాలుస్తాను. అది చాలదన్నట్టు, తెల్లబట్టలకి నీలిమందు పెట్టినట్టు ముద్దలో ఆవగింజంత నీలం కూడా కలుపుతాను.

పాత ప్యాకెట్‌లో మిగిలిన ముక్కతో ఒక పూస, కొత్త ముద్దతో ఒకటి చేసి ఒకే పళ్ళెంలో పక్కపక్కన కాల్చాను. పాతది తెల్లగానే వచ్చింది, కొత్తది మళ్ళీ బిస్కెట్టే. ఫొటో పంపితే చూశాడు, మాట్లాడలేదు. తర్వాతెప్పుడో "వచ్చే సరుకు తగ్గించి ఇస్తాను" అన్నాడు. ఊరికే ఇచ్చినా వద్దండి.

వేడి తగ్గించి కాల్చమని కొందరన్నారు. తెల్లగానే ఉంటుంది, కానీ లోపల సరిగ్గా కాలదు, దండ గుచ్చాక పూస విరుగుతుంది. ఇక మిగిలింది పైన తెల్ల యాక్రిలిక్ వేయడం. ఇక్కడే నిద్ర పట్టలేదు. పెళ్ళి ఆర్డర్లు కదా, టెన్షన్. ఒక దండకి వేసి చూశాను, అబద్ధం ఎందుకు, అందంగానే ఉంది. "పెళ్ళిరోజుకి బాగుంటే చాలదా" అన్నారు మా అత్తగారు. ఆవిడన్నదీ నిజమే. కానీ రంధ్రం దగ్గర దారం రాసుకుని పూత లేస్తుంది, మన చెమటకి ఇంకా తొందరగా లేస్తుంది. పైగా "ఇది పెయింటు కాదు, క్లే రంగే ఇది" అని చెప్పి మీకు అమ్మినదాన్ని నేను. పేరులేని కవరు పంపినవాడి మీద అంత కోపం పెట్టుకుని, పూత కింద దాచిన సరుకు మీకెలా పంపను?

సీలు తియ్యని కంపెనీ ప్యాకెట్లు వేరేచోట చెప్పాను. అవి వచ్చి, ఒక పూస కాల్చి చూసుకున్నాకే తెల్లవాటికి ఆర్డర్లు తీసుకుంటాను. ధర కొంచెం పెరుగుతుంది. ఇప్పుడు ఆగిపోయినవాళ్ళకి మాత్రం పాత ధరే.

ఆ బిస్కెట్ పూసలు గంధం రంగులో బాగున్నాయి, ఇచ్చేయమని ఒకరిద్దరు అడిగారు. అవి అమ్మనండి.