గాలానికి గంట కడితే సరిపోదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ విశాఖ పేజీలో బీచ్‌లో గాలం వేసే కుర్రాళ్ల గురించి రాసిన కథనం చదివాను. ఫొటోలు బాగున్నాయి. ఇసుకలో పాతిన పైపు, అందులో నిలబెట్టిన రాడ్, రాడ్ కొసకి ఇత్తడి గంట, పక్కనే మడత కుర్చీ. బతికున్న ఎర గుచ్చి దూరంగా విసిరి, గంట మోగగానే రాడ్‌ని గట్టిగా వెనక్కి లాగితే చేప మనదే అని రాశారు. ఆ ఒక్క మాట మీదే నా అభ్యంతరం. గంటని నమ్ముకోవడం ఒక తప్పు, మోగీ మోగగానే లాగడం ఇంకో తప్పు.

నేను పెదవాల్తేరులో టైలర్‌ని. పొద్దున్నే షాపు తీసేలోపు లాసన్స్ బే వైపో, జోడుగుళ్లపాలెం వైపో వెళ్లి కాసేపు గాలం వేసి వస్తుంటాను. పట్టింది అమ్మను, ఇంట్లోకే. కాబట్టి నాకు ఇందులో వ్యాపారమేమీ లేదు.

చెరువులో అయితే గంట బాగానే పనిచేస్తుంది. నీళ్లు కదలవు కాబట్టి తాడు కదిలిందంటే చేపే. మన ఒడ్డు అలాంటిది కాదు. ఇక్కడ తీరం ఏటవాలు ఎక్కువ, అలలు దగ్గరికొచ్చాకే విరుగుతాయి. విరిగిన ప్రతి అల తాడుని ఓసారి తోసి ఓసారి లాగుతుంది. గంట అలకీ మోగుతుంది, గాలికీ మోగుతుంది, పాచి తగులుకున్నా మోగుతుంది. కాసేపటికి మన చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. చేప ఎరని నోట కరుచుకుని ఒడ్డు వైపుకే వచ్చిందనుకోండి, తాడుకి బరువుగా కట్టిన సీసం నేల వదిలి తాడు వదులైపోతుంది. వంగి ఉన్న రాడ్ కొస తిన్నగా లేస్తుంది. గంట ఓసారి టింగుమని ఊరుకుంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. కుర్చీలో కూర్చున్నవాడు ఫోన్ చూసుకుంటూనే ఉంటాడు. ఇలాంటప్పుడు రీల్ గబగబా తిప్పి, బరువు చేతికి తగిలేదాకా తాడు చుట్టుకోవాలి. ఆ సంగతి మీ కథనంలో లేదు.

రాడ్‌ని చేత్తో పట్టుకోవాలి. రీల్‌కి కాస్త పైన తాడుని చూపుడువేలి మొదటి కణుపు మీదకి, మెత్తగా ఉండేచోటికి ఆనించుకోవాలి. కుట్టు మిషన్ మీద పైదారం టెన్షన్ సరిపోయిందో లేదో రెండు వేళ్లతో లాగి చూస్తామే, ఆ మాత్రం బిగువు చాలు. మరీ బిగిస్తే అల బరువు తప్ప ఇంకేం తెలీదు. వదిలేస్తే అదీ తెలీదు. అల లాగుడు మెల్లగా పెరుగుతుంది, మెల్లగా తగ్గుతుంది. నాలుగైదు అలలు పోనిచ్చి ఆ వరస వేలికి అలవాటు చేస్తే, వరసలో లేనిది ఏదొచ్చినా తెలిసిపోతుంది. కన్ను రాడ్ కొస మీద ఉంచినా మంచిదే. అలకి కొస నిదానంగా వంగి నిదానంగా లేస్తుంది, చేపకి తల ఊపినట్టు టకటకా కొట్టుకుంటుంది. కానీ కన్ను కంటే వేలికే ముందు తెలుస్తుంది.

తాడు సంగతీ చెప్పాలి. నైలాన్ తంగూసు బాగా సాగుతుంది. దూరంగా విసిరితే చివర్న జరిగే చిన్న కదలిక సగం ఆ సాగుడులోనే పోతుంది. అల్లిక తాడు, అదే బ్రెయిడ్, దాదాపు సాగదు కాబట్టి ఎర తోక ఊపినా వేలికి తెలుస్తుంది. అయితే బండల మీద రాసుకుంటే ఇట్టే తెగుతుంది. తెన్నేటి పార్కు కింద రాళ్లలో వేసేవాళ్లు చివర మందపాటి తంగూసు ముక్క కట్టుకోవాల్సిందే. బ్రెయిడ్ వేలిని కూడా కోస్తుంది. నేను చూపుడువేలికి గుడ్డ పట్టీ చుట్టుకుంటాను, దానికి మా షాపులో కొదవ లేదు.

ఇక బతికున్న ఎర. కథనం రాసినవారు అసలు విషయాన్ని వదిలేసింది ఇక్కడే. చచ్చిన ఎర పెడితే వేలికి తెలిసేవి రెండే, అల, చేప. బతికున్నది పెడితే ఎర కూడా కబురు పంపుతుంది. వేలెడు కత్తిపరిగె చేపని పై పెదవికి గుచ్చి వేస్తే, తాడులో సన్నటి వణుకు ఒకటి ఆగకుండా వస్తుంటుంది. మెత్తగా, ఒకే తీరున ఉంటుంది. అది ఉన్నంతసేపూ ఎర బాగున్నట్టే. అది మెల్లమెల్లగా తగ్గి ఆగిపోతే ఎర చచ్చిపోయిందనో, పీతలు తినేస్తున్నాయనో అర్థం. తీసి చూసుకోవాలి. ఉన్నట్టుండి ఆ వణుకు పెరిగి, ఎర అటూ ఇటూ తెంపుకునేలా గింజుకుంటే మాత్రం పెద్ద చేప దగ్గరికొచ్చిందని. ఇంకా పట్టలేదు! మన కుర్రాళ్లు లాగేది సరిగ్గా అప్పుడే. ఎర వెనక్కి ఎగిరొస్తుంది, చేప వెళ్లిపోతుంది, గంట కట్టినవాడు "తప్పించుకుంది రా" అంటాడు. తప్పించుకోలేదు, అసలు కరవనేలేదు.

ఆ గింజులాట తర్వాత చిన్న విరామం వస్తుంది, తర్వాత దెబ్బ. పండుగప్ప అయితే నోరు తెరిచి నీళ్లతో సహా ఎరని గుటుక్కున లాక్కుంటుంది. వేలికి ఓ మొద్దు దెబ్బ తగులుతుంది, కాసేపు ఏమీ ఉండదు, తర్వాత బరువు కదులుతుంది. ఆ మధ్యలో ఊరుకోవడమే కష్టం. పార చేప అలా ఆగదు, కొట్టడం, పరుగెత్తడం ఒకేసారి. గొరక చేపలు టకటకమని రెండు మూడు సార్లు పొడుస్తాయి. జెల్ల తల విదిలిస్తూ ఈడుస్తుంది (దాని ముళ్లకి విషం ఉంటుంది, ఊరికే చెయ్యి పెట్టకండి). టేకు చేప అయితే గాలం నేలలో చిక్కుకున్నట్టే ఉంటుంది, తర్వాత ఆ నేలే నడుస్తున్నట్టు నిదానంగా జరుగుతుంది. దాని తోక ముల్లు జెల్ల ముల్లు కంటే ప్రమాదం.

జాలరిపేట పెద్దాయనొకరు, తెప్ప మీద గాలం వేసిన మనిషి, కొత్తగా వచ్చినవాళ్లకి చెప్పే మాట ఒకటే: "లాగకు బాబూ, ఒగ్గేయ్. అదే పట్టుకెళ్తాది." అందుకే రీల్ డ్రాగ్ (తాడు ఎంత బిగువుకి జారాలో సర్దే మర) వదులుగా ఉంచుకుని, చేప ఎరని తీసుకెళ్లేటప్పుడు తాడు ఇవ్వాలి. బరువు నిలకడగా తగిలాక డ్రాగ్ బిగించాలి. మొన లోపలికి తిరిగిన సర్కిల్ హుక్ వాడేవాళ్లయితే ఎప్పుడూ ఝాడించి లాగకూడదు. తాడు బిగుసుకుంటే చాలు, అదే దవడ మూలలో దిగుతుంది. ఝాడిస్తే నోట్లోంచి జారి వచ్చేస్తుంది.

ఒడ్డు వెంట నీటి పోకడ కూడా చూసుకోవాలి. నైరుతి గాలుల కాలంలో నీరు ఉత్తరాన భీమిలి వైపు నడుస్తుంది, ఈశాన్య గాలులప్పుడు తిరగబడి దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ వైపు. అడ్డంగా విసిరిన తాడు ఆ నీటికి వంపు తిరిగిపోతుంది. అంత వంపులో వేలికి ఏదీ సరిగ్గా అందదు. తాడు కొట్టుకుపోయిన వైపుకి మనమూ కాస్త జరిగి నిలబడితే వంపు తగ్గుతుంది. రాడ్ ఎత్తి పట్టుకుంటే విరిగే అలలు తాడుకి తగలవు.

రాత్రిపూట వేసేవాళ్లు తలకి లైటు కట్టుకుని నీళ్ల మీదకి కొడుతున్నారు. వేలితో చూసేవాడికి అంత వెలుగు అక్కర్లేదు. రాడ్ కొసకి చీకట్లో మెరిసే చిన్న పుల్ల అంటిస్తే సరిపోతుంది. జనవరి నుంచి మార్చి దాకా మన ఇసుకలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ లైట్లు వాటికి ఇబ్బంది. తెగిన తంగూసు కూడా ఇసుకలో వదిలేయకుండా చుట్టి ఇంటికి తెచ్చుకోండి.

ఇంకో మాట. గంట మోగిందని కుర్చీలోంచి లేచి నీళ్లలోకి పరుగెత్తేవాళ్లని చూస్తూనే ఉన్నాను. ఆర్కే బీచ్‌లో మోకాలి లోతులోనే కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. రాడ్ చేతిలో ఉన్నవాడికి పరుగెత్తాల్సిన అవసరమే రాదు.

చివరిగా మీకో విన్నపం. రోజూ పంచాంగం వేస్తున్నారు, సూర్యోదయం, రాహుకాలం వేస్తున్నారు. దాని కిందే విశాఖ పోటు, పాటు వేళలు కూడా ఓ లైనులో వేయండి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే ఆటుపోట్ల పట్టికలో మన పోర్టు ఉంటుంది. అలల ఎత్తు ఎలా ఉండబోతుందో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ముందే చెబుతోంది. పున్నమికీ, అమావాస్యకీ కూడా మన దగ్గర పోటుకీ పాటుకీ నీటి తేడా సుమారు మీటరున్నర మాత్రమే. అయినా ఒడ్డు పక్క గాడిలోకి చేప ఎక్కేది పోటు మీదే. ఆ వేళలు తెలిస్తే మాలాంటివాళ్లకి షాపు తీసేలోపు వెళ్లాలా, మూశాక వెళ్లాలా అన్నది ముందే తేలిపోతుంది.

ఇట్లు,
ఒక టైలరు,
పెదవాల్తేరు, విశాఖపట్నం