ఖాళీ దొరికి వేసిన ముగ్గులు కావవి

సంపాదకులకు నమస్కారం.

లాక్‌డౌన్‌కు అయిదేళ్ళు నిండిన సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. ఆ రోజుల్లో బొమ్మలు వేయడం నేర్చుకున్నవాళ్ళు, కవితలు రాసినవాళ్ళు, అటక మీది వీణ దించినవాళ్ళు, అందరి గురించీ బాగానే రాశారు. కానీ అందరికీ అనుకోకుండా బోలెడంత ఖాళీ దొరికిందని అందులో ఉంది. ఆ ఖాళీ మా ఇంటి వైపు రాలేదండీ. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట మీదే.

మాది తెనాలి, గంగానమ్మపేట. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అయితే, దానికి రెండు రోజుల ముందే మా అబ్బాయి, కోడలు, మనవరాలు హైదరాబాద్ నుంచి లాప్‌టాప్‌లతో దిగారు. 25న ఉగాది, లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. మామిడికాయ దొరక్క, వగరు లేకుండానే శార్వరి ఉగాది పచ్చడి కలిపాను. చేదు మాత్రం పక్కవీధి వేపచెట్టు పుణ్యమా అని కావలసినంత.

పనిమనిషిని రావద్దన్నాం. జీతం ఇచ్చాం, అది వేరే సంగతి. అయిదుగురికి మూడు పూటలా వంట, మధ్యలో నాలుగుసార్లు కాఫీలు, బజారు నుంచి వచ్చిన ప్రతి వంకాయనూ ఉప్పు, పసుపు నీళ్ళలో కడగడం, చివరికి పాల ప్యాకెట్లకు కూడా సబ్బు స్నానం. పచ్చడి చేద్దామని మిక్సీ మీద చెయ్యి వేస్తే చాలు, గదిలోంచి "అమ్మా, మీటింగ్!" అని కేక. పెరట్లో ఎన్నేళ్ళుగానో పడి ఉన్న రోలు కడిగి, అందులో గోంగూర నూరాను. ఆ చప్పుడు కూడా వినబడుతోందని కోడలు కిటికీ మూసింది.

ఇంతలో నాదంటూ మిగిలింది తెల్లవారుజామున వాకిట్లో గడిపే అరగంట. అంతకుముందు కళ్ళాపి చల్లి, నాలుగు గీతలు లాగి లోపలికి వచ్చేసేదాన్ని. లాక్‌డౌన్‌లో తెలిసిందేమిటంటే, గడప దాటి నిలబడడానికి ఎవరూ ప్రశ్నించని సాకు ముగ్గే. పోలీసు జీపు వీధిలోంచి పోతూ, అరుగు మీద కబుర్లు చెప్పుకునే మగవాళ్ళను లోపలికి తరిమింది గానీ ముగ్గు వేస్తున్న నన్ను ఏమీ అనలేదు. అందుకే ముగ్గు పెద్దది చేసుకుంటూ పోయాను. కళ కోసం అని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, నిజానికి బయట ఇంకో పది నిమిషాలు ఉండడానికి.

మాకు టైము తెలిసేది రైలు కూతలతో. పాసింజర్లు ఆగిపోయి, ఎప్పుడో ఒక గూడ్సు పోయేది. టైము చూసుకునే పని లేకపోయేసరికి మెలికల ముగ్గులకు దిగాను. చిన్నప్పుడు మా అమ్మ వేసినవి బుర్రలో ఎక్కడో ఉన్నాయి, చేతికి మాత్రం రావు. లాంగ్ నోటుబుక్కు ఒకటి పెట్టి, పైన తేదీ వేసి, ముందు రోజు రాత్రి గీసి చూసుకునేదాన్ని.

మొదటి వారం సరదాగానే ఉంది. తర్వాత ఒక ఇబ్బంది వచ్చింది. మామూలుగా పొద్దున్న ఎనిమిదయ్యేసరికి పాలవాడి సైకిలు, స్కూలు ఆటో, కూరలబండి కలిసి ముగ్గును ఓ పట్టు పట్టేవి. ఇప్పుడు తొక్కేవాళ్ళు లేరు. సాయంత్రానికీ చెక్కు చెదరకుండా అలాగే ఉండేది. మర్నాడు దాన్ని నేనే చీపురుతో చెరపాలి. చెయ్యి వచ్చేది కాదు.

ముగ్గుపిండి కూడా అయిపోయింది. సైకిలు మీద బస్తా వేసుకుని అరుచుకుంటూ వచ్చే మనిషి లేడు. డబ్బా అడుగున పురుగు పట్టిన బియ్యం ఉంటే, మీటింగులు లేని ఓ ఆదివారం మిక్సీ పట్టాను. బియ్యప్పిండి గీత సన్నగా, తెల్లగా పడింది. పైగా చెరిపే బాధ తప్పింది. మధ్యాహ్నానికి చీమలు వరుస కట్టి మెలికల వెంబడే పోతూ ముగ్గును మోసుకెళ్ళేవి.

ఎదురు మేడ మీద ఏడో తరగతి పిల్లాడు ఒకడు, నిద్ర కళ్ళతో రెయిలింగు పట్టుకుని రోజూ చూసేవాడు. ఒకరోజు మధ్య వరసలో 15 చుక్కలు పెట్టి, అటూ ఇటూ వరసకొకటి తగ్గిస్తూ 8 వచ్చేదాకా సందు చుక్క, అంటే ముందు వరస చుక్కల మధ్య సందుల్లోకి వచ్చేలా, పెట్టాను. పైనుంచి "మామ్మగారూ, ఒకటి తగ్గింది!" అన్నాడు. నేను నమ్మలేదు. 15కి అటూ ఇటూ 14 నుంచి 8 దాకా కూడితే మొత్తం 169 రావాలని, తనకు 168 వచ్చాయని వాడి వాదన. వంగి వెతికితే గేటు వైపు చివరి వరసలో నిజంగానే ఒక చుక్క లేదు. నలభై ఏళ్ళుగా చుక్కలు పెడుతున్నాను, ఎన్ని అని ఏనాడూ లెక్కపెట్టలేదు. అప్పటి నుంచి వాడే నా ఆడిటరు. నేను మెలిక ఎటు తిప్పుతానో ముందే చెప్పి, తప్పు పోతే నవ్వేవాడు.

2021లో మాత్రం సరదా ఏమీ లేదు. మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. పొద్దున్నే వీధి చివరిదాకా చూస్తే ఏ ఇంటి ముందు ముగ్గు లేదో తెలిసేది. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు వేయరు కదా. ఫోన్లు చేసి కనుక్కునే ధైర్యం ఎవరికీ లేదు, వాకిళ్ళే చెప్పేవి. ఒక శుక్రవారం ఆ కొస నుంచి ఈ కొసకు మూడు లేవు.

నాలుగోది మాది. గుంటూరులో మా తోటికోడలు పోయింది. ఆస్పత్రిలో మంచం దొరికింది గానీ ఆలస్యమైంది. మమ్మల్ని చూడనివ్వలేదు.

నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. అక్కడ పది పేజీల్లో తేదీలు మాత్రమే ఉన్నాయి, చుక్కలు లేవు. పదకొండో రోజు స్నానాలయ్యాక నాలుగు గీతల ముగ్గు వేశాను. ఎదురు మేడ మీద పిల్లాడు ఉన్నాడు. ఆ రోజు ఏమీ లెక్కపెట్టలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గంగానమ్మపేట, తెనాలి